రెండు స్ట్రోకులా, నాలుగు స్ట్రోకులా

టెక్కలి,
20 ఏప్రిల్ 2025

బావా,

క్షేమసమాచారాలు అక్క రోజూ ఫోన్లో చెబుతూనే ఉంది కాబట్టి అవి వదిలేస్తున్నాను. ఫోన్లో నా మాట నీకు వినపడదు, సెల్లులో అక్షరాలు నొక్కడం నీకు చిరాకు. పోస్టాఫీసు ఇంకా తెరిచే ఉంది కాబట్టి మన పని నడిచిపోతోంది.

కొత్త రిమోట్ విమానం తయారైంది. తయారైందంటే ఒళ్ళు తయారైంది. బల్సా అనే తేలిక కర్ర కోసి, అతికి, పైన ఎర్ర ఫిల్ము ఇస్త్రీపెట్టెతో అంటించాను. ఇంట్లో బట్టలకని ఉన్న ఇస్త్రీపెట్టె ఇక బట్టలకి పనికిరాదని రజని తేల్చేసింది. నా రెండు చేతులూ బార్లా చాపితే ఎంతో రెక్క అంత ఉంది. ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా ముందు దాని దగ్గరికే వెళ్తున్నానట. పెళ్ళాం చెప్పేదాకా నాకే తెలియదు.

ఇక ఇంజనూ, సర్వోలూ ఎంచుకోవాలి. అక్కడే కాలూ చెయ్యీ ఆడడంలేదు. పోయినేడు నీ తోటలో ఏం జరిగిందో గుర్తుందిగా. తిత్లీ తుఫానుకి చెట్లు కూలి ఖాళీ అయిన నేల చెక్కలో అంత చక్కగా ఎగురుతున్నది, పైనుంచి దూకించి మళ్ళీ లేపబోతే లేవలేదు. చవక సర్వో వాడడం వల్ల లోపల పళ్ళు అరిగిపోయాయి. తిన్నగా వచ్చి ఇసకలో ముక్కు పెట్టేసింది. నేను అక్కడే కూలబడితే, నువ్వు ఒక్క మాట అనకుండా కొబ్బరాకు బుట్ట తెచ్చి ముక్కలన్నీ ఏరి పెట్టావు. ఒక్క మేకు కూడా వదల్లేదు. నీ స్థానంలో నేనుంటే ఏదో ఒక వెధవ మాట అనేసేవాణ్ణి.

అందుకే ఈసారి చవకవి వద్దు. మంచి సర్వోలు ఐదు కావాలి. ఎక్కడ దొరుకుతాయో వాకబు చేస్తున్నాను.

నీ బావమరిది,
జగదీశ్వరరావు


కవిటి,
29 ఏప్రిల్ 2025

ఒరే జగదీశూ,

ఉత్తరం అందింది. పళ్ళు ఎందుకు అరిగాయో ఇన్నాళ్ళకి ఒప్పుకున్నావు, సంతోషం. చవకది పోస్తే ఏ మిషనుకైనా పళ్ళు అరుగుతాయి. పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో మిషన్ల పక్కన నా వయసంతా గడిచింది, ఈ సంగతి నాకు చెప్పాలా? సర్వో కోసం నువ్వు ఊళ్ళన్నీ తిరగక్కర్లేదు. పలాసలో నాకు తెలిసిన షాపు ఉంది. అసలు సరుకు. ఐదంటే ఐదు నేను తెప్పించి పెడతాను. విమానానికి ఐదెందుకో నాకు అర్థం కాలేదు గాని, ఉంటే పాడవుతుందా?

ఇప్పుడు నా సంగతి విను. పోయినేడు నీ విమానం నేను చూశాను. కళ్ళు చెదిరిపోయాయి, అది నిజం. మన రెండిళ్ళల్లో పుట్టిన ఏ మగాడి చేతికీ నీ చేతికున్న పనితనం లేదు, నా చేతితో సహా. కాని నేను దాన్ని వినలేదురా. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, పిల్లలు చెవులు మూసుకుంటున్నారు, నాకు మాత్రం టీవీలో గొంతు నొక్కేసినట్టు ఉంది. మిషన్ల మధ్య బతికినవాడికి చప్పుడు లేని మిషను చూస్తే ఎలా ఉంటుందో నీకెలా చెప్పను?

శ్రీకాకుళం చెవి డాక్టరు మళ్ళీ చూశాడు. ఎడమది ఎప్పుడో పోయింది, కుడిది కూడా జారిపోతోందట. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చాడు గాని, దానిలో గిన్నెల మోత తప్ప మనిషి మాట తెలియడంలేదు. పెట్టెలో పడేశాను. ఉన్న చెవి కూడా చిత్రంగా ఉంది. పక్కనే కుక్కర్ కూస్తే వినపడదు గాని, జలంత్రకోట రోడ్డు మీద బుల్లెట్ బండి వెళ్తే మంచం మీద లేచి కూర్చుంటున్నాను.

ఆ చెక్కలో ఈ ఏడు కొబ్బరి వేసేస్తున్నాను. తుఫాను తరువాత వేసిన మొక్కలు ఎండిపోయాయి, విసుగొచ్చి వదిలేశాను. ఇక ఊరుకోనని మీ అక్క పట్టుబట్టింది. తొలకరికి మొక్కలు పడితే ఉద్దానంలో నీకు ఎగరెయ్యడానికి గోచిపాతంత జాగా కూడా మిగలదు. కాబట్టి వానలు కుదురుకునేలోపు రా. ఈసారి నేను వినాలి. ఆ ఒక్కటీ నాకు కావాలి.

ఉద్దానం కిడ్నీ జబ్బు భయానికి రక్తపరీక్షలు చేయించుకున్నాం, ఇద్దరికీ కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు. మంచినీళ్ళ టిన్నులు వస్తున్నాయి.

మీ బావ,
ఢిల్లీశ్వరరావు


టెక్కలి,
8 మే 2025

బావా,

పలాసలో సర్వోలు దొరకడమేమిటి! కలకత్తా నుంచో మద్రాసు నుంచో తెప్పించుకోవాలనుకుంటున్నాను. నువ్వు మామూలు మనిషివి కాదు. ఒక్క సంగతి అడిగి తెలుసుకో, అవి డిజిటలా, పాత రకమా? పళ్ళు ఇత్తడివా, ప్లాస్టిక్‌వా? చవకరకం అయితే ఊరికే ఉన్నప్పుడు కూడా సన్నగా వణుకుతూ ఉంటాయి. ఆ వణుకుడు ఉన్నవి మాత్రం ఎంత మంచివని చెప్పినా తీసుకోవద్దు.

ఇంజను సంగతికొస్తే నా బుర్ర చెడిపోతోంది. రెండు స్ట్రోకులదైతే తేలిక, దూకుడు ఎక్కువ, పెట్టినచోట పనిచేస్తుంది, పాడయ్యేది తక్కువ. కీచుమని అరుస్తుంది, దానికేం. నాలుగు స్ట్రోకులదైతే బరువు, ఖరీదు, లోపల వాల్వులూ గీల్వులూ అని సవాలక్ష సున్నితాలు. కాని ముక్కుకి ఉండే పెద్ద పంకాని నిదానంగా తిప్పుతుంది, నిలువుగా పైకి వెళ్ళేటప్పుడు ఆయాసపడదు. శ్రీకాకుళంలో కాలేజీ లెక్చరర్ ఉదయశంకర్ లేడూ, ఆదివారాలు నాతో ఎగరేస్తాడే, అతని దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. రెండూ తిప్పి చూశాను. ఆ ఇంజన్ల పనితనం చూస్తే బావా, పిడికిలిలో పట్టేంత ముద్దలో అంత పొందిక ఎలా కూర్చారా అని నమస్కారం పెట్టాలనిపిస్తుంది. చేతిలో పెట్టుకుని పంకాని వేలితో మెల్లగా తిప్పితే, లోపల గాలి నొక్కుకుని వెనక్కి తోస్తుంది చూడు, ఆ తోపుకే నేను పడిపోయాను.

నా పరిస్థితి మాత్రం బాగాలేదు. రెండు స్ట్రోకులా నాలుగు స్ట్రోకులా ఇంకా తేలలేదు. అన్నం సయించడంలేదు. రజని బెంగ పెట్టుకుంది.

జగదీశ్వరరావు


కవిటి,
14 మే 2025

జగదీశూ,

ఈ ఉత్తరం చేరేలోపే మీ అక్క నీ ఇంట్లో దిగిపోయి ఉంటుంది. నా తప్పు లేదు.

నీ ఉత్తరం నాకంటే ముందు ఆవిడ చేతికి చిక్కింది. ఆవిడ ఉత్తరాలు చివరి నుంచి చదువుతుంది. రెండు స్ట్రోకులా నాలుగు స్ట్రోకులా తేలలేదు, అన్నం సయించడంలేదు, రజని బెంగ పెట్టుకుంది. ఇంతే చదివింది. ఒక్కసారి గావుకేక పెట్టింది, పెట్టిందని నోరు చూసి తెలుసుకున్నాను. మన వీధి చివర పక్షవాతం మనిషికి ఒక్క స్ట్రోకుకే కాలూ చెయ్యీ పడిపోయాయి, తమ్ముడికి నాలుగంటే ఇంకేం మిగిలుందని ఆవిడ ఏడుపు. ఒసే, అవి ఇంజను స్ట్రోకులే అని నేను అరుస్తాను, ఆవిడ వినదు. ఆవిడ అరుస్తుంది, నాకు వినపడదు. ముప్పై ఏళ్ళ కాపురం ఒక్క ఉదయంలో బయటపడింది.

ఎలాగూ వెళ్తోంది కదా అని నీ ఐదు సర్వో డబ్బాలూ ఆవిడ చేతికే ఇచ్చాను. గోనెసంచిలో పెట్టి, పలాస బస్సెక్కించి పంపాను. అక్కడ బస్సు మారి టెక్కలి వస్తుంది. అన్నట్టు, ఆయిల్ వణకడమేమిటిరా? డిజిటల్ ఆయిల్ ఉందా అని అడిగితే షాపువాడు నన్ను ఎగాదిగా చూశాడు. ఇత్తడి పళ్ళ సంగతి అడగనే లేదు, పరువు పోతుందని.

తోట చెక్కలో మోళ్ళు తీయించాను. నేల చదును చేయిస్తున్నాను.

ఢిల్లీశ్వరరావు


టెక్కలి,
20 మే 2025

బావా,

నవ్వి నవ్వి పక్కలు నొప్పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి ఇన్నాళ్ళు పట్టింది.

నేను అరుగు మీద కూర్చుని రెక్కకి గరుకు కాగితం రుద్దుతున్నాను. ఆటో ఆగింది. అక్క గోనెసంచి ఈడ్చుకుంటూ దిగింది. నన్ను చూసి అక్కడే నిలబడిపోయింది.

"నీకేటయినాది? కూకుని పని సేత్తన్నావేటి?"

"నాకేమైంది అక్కా?"

"సెయ్యెత్తు. ఆ సెయ్యి కాదు, ఎడం సెయ్యెత్తు. నవ్వు, మూతి వంకరోయిందేటో సూడాలి."

రెండు చేతులూ ఎత్తించింది, నాలుక బయటపెట్టించింది, వీధిలో నలుగురూ చూస్తుండగా ఇటూ అటూ నడిపించింది. అంతా అయ్యాక వీపు మీద ఒక్కటిచ్చి, అప్పుడు ఏడ్చింది. ఆ దెబ్బ ఇంకా సలుపుతోంది. మన ధనమ్మక్కకి నా మీద ఉన్నదంతా ఆ దెబ్బలోనే ఉంది.

ఇక సంచి విప్పితే సర్వో అని పేరు రాసున్న ఐదు డబ్బాల ఇంజన్ ఆయిల్! తప్పు నాదే బావా. నీలాంటి మిషను మనిషికి సర్వో అంటే ఆయిలే అని నాకు తట్టి ఉండాల్సింది. మా సర్వో అంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే మోటారు పెట్టె. నేను నేల మీద రిమోట్ పుల్ల ఎంత కదిపితే, అది విమానంలో తన చెయ్యి అంతే కదుపుతుంది. రెక్కలకి రెండు, తోకకి ఒకటి, చుక్కానికి ఒకటి, ఇంజనుకి నూనె తగ్గించడానికీ పెంచడానికీ ఒకటి. మొత్తం ఐదు. వాటి లోపల పళ్ళు ఉంటాయి, అవే పోయినేడు అరిగిపోయాయి. డబ్బాలు అక్కతో తిరిగి పంపిస్తాను, నీ పంపుసెట్టుకి పోసుకో.

రజని అక్కని ఇప్పుడే పంపనంటోంది. ఆవకాయ పెట్టించుకునే వంక దొరికింది.

ఇంకో కబురు. ఉదయశంకర్ కరెంటు మోటారు పెట్టిన విమానం తెచ్చాడు. ఇంజనే లేదు, బ్యాటరీతో నడుస్తుంది. నూనె కారదు, పొగ లేదు. ముఖ్యంగా చప్పుడే లేదు బావా! పిట్ట ఎగిరినట్టు ఎగిరింది. రెండా నాలుగా అనే గొడవే ఉండదు. రజని కూడా ముచ్చటపడింది. నేనూ దాని వైపే మొగ్గుతున్నాను. ఎంత హాయిగా ఉంటుందో నువ్వే చూద్దువుగాని.

జగదీశ్వరరావు


కవిటి,
28 మే 2025

జగదీశ్వరరావుకి,

ఉత్తరం చదివాను. చప్పుడు లేనిది హాయిగా ఉంటుందని రాశావు. ఉంటుంది. చెవిటివాడి ముందు ఎగరేసేదానికి చప్పుడు ఉంటేనేం, లేకపోతేనేం. ఉన్నదానికి ఖర్చు దండగ.

ఇంట్లో ఎవరూ లేరు. మీ అక్క లేకపోయినా ఇల్లు ఒకేలా ఉంది నాకు, అదే చెవిటి ఇల్లు. నిన్న సాయంత్రం తోటలో కూర్చుని, చెట్లకి గాలి వీస్తే ఎలా మోగేదో గుర్తుచేసుకోబోయాను. గుర్తు రాలేదు.

నర్సరీవాడికి మొక్కలు పంపెయ్యమని చెప్పాను. నీకు వీలైనప్పుడు అక్కని పంపించు. విమానం ఫోటో ఒకటి పంపు, చాలు.

ఢిల్లీశ్వరరావు


టెక్కలి,
9 జూన్ 2025

బావా,

నీ ఉత్తరం చదివిన రోజు ఆఫీసులో నా ముందు ఎవరెవరు వచ్చి నిలబడ్డారో నాకు తెలియదు. నువ్వు అడిగింది ఒక్కటి. ఈసారి నేను వినాలి అన్నావు. దాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, చప్పుడు లేని మోటారు గొప్ప అని నీకే రాశాను. తిట్టు. నువ్వు తిట్టకుండా పేరు పూర్తిగా రాసి ఉత్తరం మొదలుపెట్టావు చూడు, అదే భరించలేకపోయాను.

ఆ సాయంత్రం అక్క మామిడికాయ ముక్కలు తుడుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. "అక్కా, బావకి అసలు ఏం వినపడుతుంది?" అని అడిగాను.

"నా మాట ఇనపడదు, పిట్ట ఇనపడదు, కుక్కరూ ఇనపడదు. ఎదురింటి గుంటడి బుల్లెట్టు బండి మట్టుకు ఎక్కడున్నా ఇంటాడు. అమ్మోరి సంబరానికి డప్పు కొడితే ముందల ఆయనే బయటికొత్తాడు. నాను గొంతు సింపుకున్నా నేదు గాని, ఆ బండి సప్పుడు ఇని నవ్వుతాడు కూడానూ. నానేటి బుల్లెట్టు బండినా?"

అప్పుడు నాకు వెలిగింది. నువ్వు ఏప్రిల్లోనే రాశావు బావా, కుక్కర్ వినపడదు, బుల్లెట్ వినపడుతుందని. నేనే చదివీ చదవనట్టు వదిలేశాను. నీ చెవికి పోయింది సన్నని చప్పుడు. లావు చప్పుడు ఇంకా ఉంది. బుల్లెట్ బండి నాలుగు స్ట్రోకులది!

మర్నాడే శ్రీకాకుళం వెళ్ళి ఉదయశంకర్ పీకల మీద కూర్చున్నాను. రెండు ఇంజన్లూ చెక్క దిమ్మకి బిగించి, ఊరి బయట చేలో పెట్టి తిప్పమన్నాను. నేను రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని, పైన తలకి తువ్వాలు చుట్టుకుని, దూరంగా గట్టు మీద నిలబడ్డాను. అటుగా పోయే రైతులు నన్ను చూసి ఏమనుకున్నారో వాళ్ళకే తెలియాలి. రెండు స్ట్రోకులది తిప్పాడు. మామూలుగా చెవులు చిల్లులు పడే చప్పుడు, దూదిలోంచి దోమ మోతంత కూడా రాలేదు. నాలుగు స్ట్రోకులది తిప్పాడు. దడదడమని ఛాతీకి తగిలింది. దూది ఉండగానే తగిలింది. నీ చెవి ఎలా ఉంటుందో నాకు పూర్తిగా తెలియదు గాని, ఆ కాసేపు దానికి దగ్గరగా వెళ్ళొచ్చాను.

నాలుగు స్ట్రోకులదే తెప్పిస్తున్నాను. బరువెక్కువ, ఈ ఒంటికి ఇది నప్పదు అని ఉదయశంకర్ గొణిగాడు. సర్వోలకి కరెంటిచ్చే బ్యాటరీని వెనక్కి జరిపి తూకం సరిచేస్తానన్నాను. ఇంజను ఎందుకు ఎంచుకున్నావని ఎవరైనా అడిగితే బలం కోసమనో తేలికనో చెప్పాలి. మా బావ చెవి కోసం అని చెబితే నవ్వాడు, తరువాత నవ్వడం మానేసి తన పంకా ఒకటి ఇచ్చేశాడు.

సర్వోలు కూడా తేలిపోయాయి. ఈ దడకి ఒళ్ళంతా అదురుతుంది కాబట్టి పళ్ళన్నీ లోహానివే, కింద రబ్బరు బుషులు. చుక్కానికి అన్నిటికంటే బలమైనది. విమానం పక్కకి ఒరిగి కత్తి నిలబెట్టినట్టు వెళ్ళేటప్పుడు బరువంతా చుక్కానే మొయ్యాలి.

మొక్కలు వచ్చినా నాటించకు. నేను వస్తున్నాను.

నీ జగదీశు


కవిటి,
18 జూన్ 2025

ఒరే జగదీశూ,

దూది, తువ్వాలు, గట్టు. ఈ మూడు మాటలూ చదివి, ఉత్తరం మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని తోటంతా ఒకసారి తిరిగొచ్చాను. మా అమ్మ పోయాక నా చెవిలో ఏముందో తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. డాక్టరు కూడా ఏం పోయిందో చెప్పాడు గాని, ఏం మిగిలిందో చెప్పలేదు. నువ్వు చెప్పావు. నీ మీద కోపం తెచ్చుకున్నందుకు నాకు సిగ్గుగా ఉంది. అయినా ఆ మోటారు సంగతి రాయకుండా ఉండాల్సింది నువ్వు.

మీ అక్క వచ్చేసింది. ఆవకాయ జాడీతో పాటు డబ్బాలు కూడా మోసుకొచ్చింది. కండక్టరు గుర్తుపట్టి, ఈ ఆయిల్ ఎన్నిసార్లు తిరుగుతుందమ్మా అని అడిగాడట.

మొక్కలు వచ్చేశాయి. పాకలో నీడన సంచుల్లో ఉంచాను. వాన ఒక దెబ్బ పడింది. ఇసక అణిగి నేల గట్టిపడింది, నీ బండి పరిగెత్తడానికి బాగుంటుంది. ఆ డబ్బాలు జాగా రెండు చివర్లా పెట్టించాను, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా నీది అని తెలియడానికి. నాలుగు మూలలకి నాలుగు పోగా ఒకటి మిగిలింది, దాని మీద నేను కూర్చుంటాను.

ఒక్క మాట. వినపడకపోతే నువ్వు బాధపడకూడదు. బుల్లెట్ నేల మీద పోతుంది, ఇది ఆకాశంలో పోతుంది. నాకు తెలియదు, ఏమవుతుందో చూద్దాం. జూలై మొదటి ఆదివారం రా. బేగి రా.

మీ బావ


టెక్కలి,
7 జూలై 2025

బావా,

నిన్న కారెక్కేటప్పుడు నీతో ఒక్క మాటైనా ఆడలేకపోయాను. వాన ముంచుకొచ్చేసింది, ఉదయశంకర్ హడావిడి పెట్టాడు, రెక్క తడవకుండా కప్పే తొందరలో నిన్ను వెతికే తీరిక లేకపోయింది. నువ్వు కూడా కనపడలేదు.

విమానం మాత్రం నేను అనుకున్న దానికంటే బాగా ఎగిరింది. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ ఎగరలేదు. నీ కొబ్బరి మట్టల పైనుంచి నిలువుగా లేపాను, పైన ఒక చక్రం తిప్పాను, తలకిందులుగా జాగా ఈ చివర నుంచి ఆ చివరదాకా తీసుకెళ్ళాను. పక్కకి ఒరిగించి తీసుకొస్తే మీ ఊరివాళ్ళు ఈలలు వేశారు. ఐదు సర్వోలూ చెప్పిన మాట చెప్పినట్టు విన్నాయి. చుక్కాని ఒక్కసారి కూడా తడబడలేదు. మందస నుంచి వచ్చిన మీ చుట్టాలాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కాని బావా, నేను మూడుసార్లు నీ వైపు చూశాను. చూడకూడదు, రిమోట్ చేతిలో ఉన్నప్పుడు కళ్ళు తిప్పకూడదు, అయినా చూశాను. నువ్వు ఆ డబ్బా మీద తల వంచుకుని కూర్చున్నావు. కళ్ళు మూసుకుని ఉన్నావు. మూడోసారి చూసేసరికి డబ్బా మాత్రమే ఉంది.

నాకు అర్థమైంది. వినపడలేదు. చప్పుడు లేని విమానం రెండోసారి చూడలేక తల దించుకున్నావు. నేను నీకు ఆశ పెట్టి ఉండకూడదు. ఆ దూదీ తువ్వాలూ అంతా చదువుకున్నవాడి తెలివి. ఈ ఇంజను తీసి దాచేస్తున్నాను. విమానం ఉన్న నడవాలోకి వెళ్ళబుద్ధి కావడంలేదు.

మొక్కలు నాటించెయ్యి. కాలం మించిపోతోంది.

జగదీశ్వరరావు


కవిటి,
11 జూలై 2025

ఒరే వెర్రి జగదీశూ,

ఇంజను తీశావా? తీసి ఉంటే ఈ ఉత్తరం కింద పెట్టి, ముందు వెళ్ళి బిగించి రా. నేను ఆగుతాను.

నేను నీ విమానం చూడలేదు. నిజం. చక్రం చూడలేదు, తలకిందులు చూడలేదు, పక్కకి ఒరగడమూ చూడలేదు. మీ అక్క వచ్చి చేతులతో చూపిస్తే ఇప్పుడు తెలుసుకుంటున్నాను. నువ్వు అన్ని నెలలు సర్వోలతో కుస్తీ పట్టిందంతా నా ముందే జరిగిపోయింది, నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

ఎందుకంటే మొదట నువ్వు దాన్ని నేల మీద స్టార్టు చేసినప్పుడు నాకు ఏమీ తెలియలేదు. అది లేచి, జాగా చివరిదాకా పోయి తిరిగొచ్చింది. అప్పుడు కూర్చున్న డబ్బా అదిరింది. ఆ తరువాత కుడిచెవిలోకి వచ్చింది. దడదడ దడదడ. జగదీశూ, అది నాకు వినపడింది. కళ్ళు తెరిచి చూస్తే చెవి వదిలేస్తోంది, మూస్తే దొరుకుతోంది. మూసేశాను. పైకి లాగినప్పుడు బరువుగా అయింది, కిందికి వస్తే తేలికైంది, దూరం పోతే సన్నబడింది. మళ్ళీ వస్తోంది, వస్తోంది అని ముందే తెలిసిపోతోంది. కళ్ళు మూసుకునే అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగాను. పక్కనున్న మందస మావ నాకు పిచ్చెక్కిందనుకున్నాడు.

ఒక్కచోట మాత్రం ఒక దడ తప్పింది. సూటిగా పోతూ, మధ్యలో. తలకిందులు చేసినప్పుడై ఉంటుంది. టాంకులో పైపు నూనె అందుకోవడంలేదు, చూసుకో.

తరువాత లేచి తోటలోకి వెళ్ళిపోయాను. ఊరందరి ముందు ఈ వయసులో ఏడిస్తే బాగుండదు. కొబ్బరిచెట్టుకి ఆనుకుని నిలబడ్డాను, అక్కడికీ వచ్చింది. నువ్వు కిందికి దించేదాకా అక్కడే ఉన్నాను. నా పెళ్ళి బాజాలు కూడా అంత శ్రద్ధగా వినలేదు.

మొక్కలు ఇంకా సంచుల్లోనే ఉన్నాయి. మీ అక్క రోజూ వాటినీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. డబ్బాలు కూడా పెట్టినచోటే ఉన్నాయి. ఇరవయ్యో తేదీ ఆదివారం మళ్ళీ రా. రెక్కకి ఎర్ర ఫిల్ము అంటించి, సర్వోలు ఎంచి, అంత కష్టపడ్డావు కదా.

ఈసారి చూస్తాను.

మీ బావ,
ఢిల్లీశ్వరరావు